బల్బు వెలిగితే సరిపోదు

మీ ఇంట్లో టెస్టర్ ఉందా? ఉంటే ఇప్పుడు ఎక్కడుందో చెప్పగలరా? టీవీ కింద సొరుగులో పాత రిమోట్ల మధ్య ఉంటుంది, లేదా దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన. మా బాన్సువాడలో టెస్టర్ లేని ఇల్లు వెతకాల్సిందే. పొలాల ఊరు గదా. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ కాలువ నీళ్ళు ఒకవైపు, బోరు మోటర్లు ఒకవైపు. స్టార్టరు డబ్బా, ఫ్యూజు తీగె, మాడిన వైండింగు వాసన చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళం. ఇంట్లో ఫ్యాను ఆగిందంటే కరెంటు పనాయనకు ఫోన్ చేసేలోపే ఎవరో ఒకరు స్టూలు ఎక్కేస్తారు. నాకు ఆ స్టూలు ఎక్కేవాళ్ళంటే చాలా ఇష్టం. ఇవాళ వాళ్ళతోనే నా కబుర్లు.

స్టూలు దిగుతూ వాళ్ళు అనే మాట ఒకటుంది: "ఆఁ, వెలిగింది!" పని అయిపోయిందని దానర్థం. నా పేచీ అంతా ఆ మాటతోనే. కరెంటు పని తప్పుగా చేసినా బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, కూలరు చల్లగాలి ఇస్తుంది. తప్పు గోడలో దాక్కుని ఏళ్ళ తరబడి ఊరుకుంటుంది. ఒక తడి చెయ్యి తగిలిననాడు బయటపడుతుంది.

చిన్న సంగతితో మొదలుపెడదాం. ఇంట్లోకి వచ్చే తీగెలు రెండు, ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. స్విచ్చి ఫేజు మీద ఉండాలి. న్యూట్రల్ మీద పెట్టారే అనుకోండి, ఏమవుతుంది? నొక్కితే బల్బు వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది, చూసేవాళ్ళకు తేడా ఏమీ కనపడదు. కానీ ఆరిపోయిన బల్బు హోల్డర్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. స్విచ్చి బంద్ చేశాను గదా అని నమ్మి హోల్డర్లో వేలు పెట్టినవాళ్ళకు తెలుస్తుంది. మీ ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు ఆర్పినా సన్నగా మినుకుమంటోందా? చాలాసార్లు కారణం ఇదే. స్విచ్చి బంద్ చేసి, బల్బు తీసి, హోల్డర్ పిన్నులకు టెస్టర్ ఆనించి చూడండి. వెలిగితే స్విచ్చి తప్పు తీగె మీద ఉన్నట్టు. అందుకే ఎంత చిన్న పనికైనా స్విచ్చిని నమ్మవద్దు, మెయిన్ దించాలి.

మెయిన్ దించినా ఇంకొకటి ఉంది, ఇన్వర్టర్. ఇప్పుడు మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళకు ఉంది. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని అది తన బ్యాటరీ కరెంటును లైట్లకు, ఫ్యాన్లకు ఇచ్చేస్తుంది. ఆ తీగెల్లో వచ్చేదీ 230 వోల్టులే. దాన్ని కూడా బంద్ చేశాకే స్టూలు ఎక్కండి.

అసలు మనం ఎంతవరకు చెయ్యొచ్చు అన్న ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం ఉండేది. ఆ మాటే తర్వాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోకి వచ్చింది. దాని సారం ఇది: 250 వోల్టుల లోపు ఇంట్లో బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, గృహోపకరణాలు పాతవి తీసి అలాంటివే కొత్తవి పెట్టుకోవచ్చు. లోడు పెరగకూడదు, వైరింగు స్వరూపం మారకూడదు. అంతకు మించిన పని ఏదైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ చేత జరగాలి.

నాకు ఈ గీత చాలా సబబుగా అనిపిస్తుంది. ఉన్నదాన్ని మార్చుకోవడం మన పని, లేనిదాన్ని కొత్తగా కలపడం నేర్చినవాళ్ళ పని. పోయిన స్విచ్చి మార్చండి, ట్యూబులైటు తీసి ఎల్‌ఈడీ పట్టీ పెట్టండి, ఇస్త్రీ పెట్టె వైరు మార్చండి. కానీ కొత్త గీజరుకు లైను లాగడం, మేడ మీద వేసిన కొత్త గదికి కింది గది బోర్డులోంచి కరెంటు గుంజడం, ఏసీని మామూలు ప్లగ్గులో పెట్టడం, వీటి జోలికి పోవద్దు. మనకు తెలివి తక్కువని కాదు. గోడలో ఉన్న వైరు ఎంత లోడు మోస్తుందో పైకి కనపడదు. లైట్లకు లాగిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు గీజరు భారం మోయలేక లోలోపల వేడెక్కుతుంది. ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి, గీజరుకు నాలుగు వైరు కావాలి. పాత కరెంటు పనివాళ్ళు ఇప్పటికీ త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అనే లెక్కల్లోనే చెప్తారు. ఏ లెక్కలో చెప్పినా సన్న వైరు మీద పెద్ద లోడు పెట్టకూడదన్నదొక్కటే సంగతి.

ఇదే గీతను వేరే దేశాలు వేరే చోట గీశాయి. ఆస్ట్రేలియాలో ఇంటి యజమాని తన ఇంట్లో ఒక ప్లగ్గు సాకెట్ తనంతట తాను మార్చుకోవడం కూడా నేరమే. పక్కనే ఉన్న న్యూజిలాండ్‌లో సొంత ఇంట్లో కొంత వైరింగు ఇంటివాళ్ళు చేసుకోవచ్చు, కాకపోతే కరెంటు ఇచ్చే ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్షించాలి. ఆ రెండో పద్ధతి నాకు నచ్చుతుంది. చేసింది ఎవరైనా, ఇంకొక జత కళ్ళు చూడాలి.

సరే, మన హద్దులో ఉన్న ఒక పని తీరిగ్గా చేసి చూద్దాం. ఎండకాలం మొదట్లో ప్రతి ఇంట్లో వినపడే ఫిర్యాదు: "ఫ్యాను స్లోగా తిరుగుతుంది, గాలే వస్తలేదు." ముందు ఫ్యాను బంద్ చేసి రెక్కను చేత్తో తిప్పండి. సులువుగా తిరిగి మెల్లగా ఆగితే బేరింగులు బాగున్నట్టు. గరగరమని పట్టేస్తే బేరింగు పోయినట్టు, అది రిపేరు షాపుకు పోవాల్సిందే. చేత్తో సులువుగా తిరిగేది కరెంటు ఇస్తే మాత్రం మూలుగుతూ కదలకుండా ఉంటే, కర్రతో ఏ వైపు నెడితే ఆ వైపుకే తిరగడం మొదలుపెడితే, ఇక అనుమానం లేదు, కండెన్సర్ పోయింది. ఫ్యాను మోటరులో తీగె చుట్లు రెండు ఉంటాయి. రెండో చుట్టుకు పోయే కరెంటును మొదటిదానికంటే కాస్త ముందుకు జరిపి ఇచ్చేది కండెన్సర్. ఆ తేడా లేకపోతే మోటరుకు ఎటు తిరగాలో తెలియదు. కండెన్సర్ పూర్తిగా పోకుండా బలం తగ్గిందంటే ఫ్యాను తిరుగుతుంది గానీ నీరసంగా.

మెయిన్ దించారు, ఇన్వర్టర్ బంద్ చేశారు. స్టూలు కదలకుండా ఒకరు పట్టుకున్నారు. రాడ్డు కింది కొసన మోటరు మీద కూర్చున్న కప్పు స్క్రూ వదులు చేసి కప్పును పైకి జరపండి. లోపల బొటనవేలంత తెల్ల డబ్బీ, దానికి రెండు వైర్లు. కొన్ని ఫ్యాన్లలో ఇది సీలింగు దగ్గరి కప్పులో ఉంటుంది. ముట్టుకునే ముందు టెస్టర్‌తో చూడండి. ఆ తర్వాత పిడికి ప్లాస్టిక్ ఉన్న స్క్రూడ్రైవరు మొనతో కండెన్సర్ రెండు కొసలనూ కలిపి తాకించండి, అందులో మిగిలిన కరెంటు కాస్త చిటుక్కుమని పోతుంది. డబ్బీ మీద 2.5 మైక్రోఫారడ్ అనో 2.25 అనో 3.15 అనో రాసి ఉంటుంది. షాపులో అదే అంకె అడగండి. ఎక్కువ అంకెది పెడితే ఫ్యాను ఇంకా స్పీడుగా తిరుగుతుందని కొందరు పెట్టిస్తారు. తిరుగుతుంది కూడా, కానీ మోటరు వేడెక్కి చుట్లు మాడతాయి. ఇక్కడా అదే మోసం, తిరిగిందంటే సరైనట్టు కాదు.

జాయింటు దగ్గర తొందర వద్దు. రాగి పోగులు మెరిసేదాకా గీకి, గట్టిగా మెలేసి, పైన టేపు చుట్టాలి. వదులు జాయింటే వేడికి మూలం. మన ఎండలకు టేపు జిగురు ఆరి ఒక్క ఏడాదిలో ఊడిపోతుంది కాబట్టి చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ పెట్టి స్క్రూ బిగిస్తే ఇంకా మంచిది. కప్పు కిందికి దించి బిగించారా? వైరు ఏదీ కప్పు అంచు కింద నలగలేదు గదా? ఇప్పుడు మెయిన్ ఎత్తండి.

టెస్టర్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనం అతిగా నమ్ముతాం. అందులో చిన్న నియాన్ దీపం, పెద్ద రెసిస్టరు ఉంటాయి. మనం టోపీ మీద వేలు పెట్టినప్పుడు అతి కొద్ది కరెంటు మన ఒంట్లోంచి భూమికి పోయి ఆ దీపం వెలుగుతుంది. ఎండిన చెక్క స్టూలు మీద, రబ్బరు చెప్పులతో నిలబడితే ఆ దీపం సరిగ్గా వెలగకపోవచ్చు. మధ్యాహ్నపు వెలుతురులో వెలిగినా కనపడదు. వెలిగిందంటే కరెంటు ఉన్నట్టే, వెలగలేదంటే మాత్రం లేనట్టు కాదు. ముందు కరెంటు ఉన్నచోట పెట్టి చూడండి, తర్వాత పని చేసేచోట, మళ్ళీ ఒకసారి కరెంటు ఉన్నచోట. ముగ్గురు సాక్షులూ సరిగ్గా చెప్తేనే చెయ్యి పెట్టండి.

ఒక్కోసారి టెస్టర్ ప్లగ్గులో రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. "సార్, డబుల్ ఫేజ్ వస్తుంది" అని గాభరా పడతారు. చాలామట్టుకు వచ్చింది డబుల్ ఫేజ్ కాదు, న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఆన్‌లో ఉన్న బల్బులోంచో ఫ్రిజ్‌లోంచో ఫేజు అవతలి వైపుకు దాటి, పోయే దారి లేక న్యూట్రల్ తీగెలో నిలబడింది. ఇంట్లో స్విచ్చులన్నీ బంద్ చేసి, ప్లగ్గులన్నీ పీకి చూస్తే రెండో రంధ్రంలో దీపం ఆరిపోతుంది. అలా ఆరిందంటే తెగిన న్యూట్రల్‌ను వెతకాలి. ఇంకొక లక్షణం గుర్తుపెట్టుకోండి: ఒక్కసారిగా ఇంట్లో లైట్లు కళ్ళు మిరుమిట్లు గొలిపేలా వెలిగి, ఎదురింట్లో గుడ్డిగా వెలిగాయంటే ట్రాన్స్‌ఫార్మర్ వైపు న్యూట్రల్ పోయినట్టు. 230 ఉండాల్సినచోట 400 వోల్టుల దాకా రావచ్చు. ఆలోచించకుండా మెయిన్ దించి 1912కు ఫోన్ చెయ్యండి. స్తంభం మీది పని, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పని మనది కాదు. లైన్‌మెన్ వచ్చేదాకా చీకట్లో కూర్చోవడమే మేలు. రైతన్నలు ఈ మాట వినాలి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక రాత్రిపూట మోటరు కోసం పరుగులు తగ్గాయి గానీ, ఫ్యూజు పోయిందంటే కర్రతో స్విచ్చి గుంజి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కే అలవాటు ఇంకా పోలేదు.

ఇక మన పక్క ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. బాన్సువాడ, బోధన్, కామారెడ్డి చుట్టుపక్కల గల్ఫుకు పోయినవాళ్ళు లేని ఊరు లేదు. దుబాయి నుంచి వచ్చేటప్పుడు మిక్సీ, ఇస్త్రీ పెట్టె, కెటిల్ తెస్తారు. వాటికి మూడు బల్లపరుపు పిన్నుల లావు ప్లగ్గు ఉంటుంది. బ్రిటన్‌లో 1947లో ప్రమాణంగా పెట్టిన ప్లగ్గు అది, దాని కడుపులోనే 13 ఆంపియర్ల దాకా ఫ్యూజు కూడా ఉంటుంది. మన సాకెట్లో దూరదు. ఏం చేస్తాం? కత్తిరించేసి రెండు పిన్నుల టాపు బిగిస్తాం. మిక్సీ తిరుగుతుంది! కానీ కత్తిరింపులో రెండు పోయాయి: ఫ్యూజు ఒకటి, ఆకుపచ్చ పసుపు చారల ఎర్తు వైరు ఒకటి. దాని బదులు మంచి త్రీ పిన్ టాపు తెచ్చి మూడు వైర్లూ కలపండి. ఇక్కడ రంగుల దగ్గర జాగ్రత్త. ఆ వైర్లలో గోధుమరంగుది ఫేజు, నీలిది న్యూట్రల్, చారలది ఎర్తు. మన ఇళ్ళ పాత వైరింగులో మాత్రం ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఒకచోట న్యూట్రల్ అయిన నీలి తీగె ఇంకొకచోట ఫేజు. రంగును చూసి కాదు, టెస్టర్ పెట్టి నమ్మండి.

మన త్రీ పిన్‌లో మూడో పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా ఎందుకుంటుందో గమనించారా? ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు ఎర్తు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే చివర విడిపోవాలి. ఫేజు తగిలే ప్రతి క్షణంలోనూ ఎర్తు తోడుండాలని అలా చేశారు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో దూరడం లేదని ఆ పిన్నును విరగ్గొట్టేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎర్తు లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం అదే. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ రంగు కోసం నిజామాబాద్ దాకా పోయి వస్తాం, ఎర్తు గుంత ఎక్కడ తీశారో మాత్రం అడగం. నిజానికి అది ప్రతి ఇంటికీ ఉండాల్సిన గుంత: రెండున్నర మూడు మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్ళు పోయడానికి చిన్న గరాటు. పోస్తున్నామా? మన నల్లరేగడి ఎండకాలం నెర్రెలు విచ్చి పైపును వదిలేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లోనే కూలర్లు నడుస్తాయి, ఆ రెండు నెలల్లోనే ఎర్తు బలహీనంగా ఉంటుంది. వారానికి రెండుసార్లు రెండు బకెట్ల నీళ్ళు పోయండి, చాలు. ఉప్పు పైపును తింటుంది కాబట్టి రెండు మూడేళ్ళకోసారి పైపూ, దానికి బిగించిన తీగె బోల్టూ చూపించుకోండి.

ఎర్తు లేనిచోట కొందరు రెండు అడ్డదారులు తొక్కుతారు. మొదటిది, ప్లగ్గు బోర్డులో న్యూట్రల్‌కూ ఎర్తు పిన్నుకూ చిన్న తీగె లూపు వెయ్యడం. మామూలు రోజుల్లో ఏమీ కాదు. న్యూట్రల్ తెగిన రోజున ఫేజు ఆ లూపులోంచి ఫ్రిజ్ బాడీ మీదికి వచ్చి కూర్చుంటుంది. రెండోది దానికి తలకిందులు, న్యూట్రల్ పోయినప్పుడు ఎర్తు తీగెనే న్యూట్రల్‌గా వాడుకోవడం. బల్బు వెలుగుతుంది, నిజమే. కానీ ఇంటి కరెంటంతా ఆ గుంతలోకి పోతూ ఉంటుంది, గుంత దగ్గర తడి నేల మీద వట్టి కాళ్ళతో నడిచే పిల్లలు ఉంటారు, కట్టేసిన బర్రె ఉంటుంది. ఈ రెండింట్లో ఏది మీ ఇంట్లో ఉన్నా రేపే తీయించండి.

ఫ్యూజు గురించి రెండు ముక్కలు. పింగాణీ కట్‌అవుట్‌లో సన్న ఫ్యూజు తీగె మాటిమాటికీ పోతోందని నాలుగు రాగి పోగులు మెలేసి పెడతాం. ఇక ఫ్యూజు పోదు, దాని బదులు గోడలో వైరు కాలుతుంది. ఫ్యూజు బదులు ఎంసీబీ పెట్టుకున్నవాళ్ళు మాకేం భయం లేదంటారు. ఎంసీబీ మంచిదే, కానీ అది కాపాడేది వైరును. 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు.

ఎంత కరెంటు మనిషిని పట్టేస్తుందో కొలిచినాయన ఒకరున్నారు. అమెరికాలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్. 1940లలో ఆయన స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ళ చేతికి తీగె ఇచ్చి, కరెంటు మెల్లమెల్లగా పెంచుతూ, ఎంత దగ్గర చెయ్యి విడిపించుకోలేకపోతున్నారో కొలిచాడు. సగటున మగవాళ్ళకు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకు పదిన్నర. ఆంపియర్‌లో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్ అని గుర్తుంచుకోండి. తడి చేతులతో ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే 230 వోల్టుల దగ్గర మన ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. పట్టు విడిపించుకోలేని కరెంటుకు అది పది రెట్లకు పైనే. "కరెంటు గుంజి పట్టుకుంది" అని మనవాళ్ళు అనేది అక్షరాలా నిజం, కండరాలు బిగుసుకుని చెయ్యే తీగెను పట్టుకుంటుంది. ఆ లెక్కలు చేతిలో పెట్టుకుని డాల్జీల్ 1961లో ఇళ్ళకు పనికొచ్చే రక్షణ పరికరం ఒకటి తయారుచేశాడు. ఆ జాతిదే మన షాపుల్లో ఆర్‌సీసీబీ అని దొరికేది.

అది పనిచేసే తీరు పశులకాపరి లెక్కలాంటిది. పొద్దున ఎన్ని పశువులు పోయాయో సాయంత్రం అన్ని తిరిగి రావాలి. ఫేజులో పోయిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని ఆర్‌సీసీబీ క్షణం క్షణం లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువ వచ్చిందంటే ఎవరి ఒంట్లోంచో, తడి గోడలోంచో భూమికి పోతోందన్నమాట, కన్ను మూసి తెరిచేలోపు కరెంటు కోసేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి, 100, 300 అంకెలవి మనిషి కోసం కాదు. దాని మీద టి అనే చిన్న గుండీ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. టప్పున పడితే బతికే ఉన్నట్టు. పడకపోతే మార్చాలి. ఒక చేత్తో ఫేజునూ ఇంకో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకుంటే మాత్రం అది గుర్తుపట్టలేదు, లెక్క సరిపోతుంది గదా. కాబట్టి అది ఉందని అజాగ్రత్త పనికిరాదు. బిగించడం మాత్రం మీరు చెయ్యొద్దు, వైర్‌మ్యాన్‌తో చేయించండి. పెట్టిన మొదటి రోజే మాటిమాటికీ పడిపోతోందని కొందరు తీసిపారేస్తారు. పడిపోతోందంటే ఇంట్లో ఎక్కడో కరెంటు కారుతోందని అది చెప్తోంది. ఆ కారేచోటును వెతికించండి.

కారడం ఇంకో దారిలోనూ తెలుస్తుంది. ఇంట్లో అన్నీ బంద్ చేసి మీటరు దగ్గర నిలబడండి. ఎర్రగా టిక్కు టిక్కుమని మెరిసే చిన్న లైటు ఆగిపోవాలి. ఏమీ నడవకుండా మెరుస్తోందంటే కరెంటు ఎక్కడికో పోతోంది. 2024 నుంచి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది కాబట్టి మీటరు వైపు చూడటమే మానేశాం. డబ్బు కోసం కాకపోయినా ప్రాణం కోసం చూడండి.

కూలరు దగ్గరికి వద్దాం. రేకుతో చేసిన డబ్బా, అడుగున నీళ్ళు, నీళ్ళలో పంపు, పంపుకు సన్న వైరు, రెండు పిన్నుల ప్లగ్గు. ప్రమాదానికి కావలసినవన్నీ ఒకేచోట చేరాయి. "అన్నా, కూలరు ముట్టుకుంటే జుమ్మంటుంది" అని పక్కింటి అక్క చెప్తే "కొంచెమే గదా, ఏం కాదు" అని నవ్వి ఊరుకోకండి. ఆ జుమ్మనడమే ఆఖరి హెచ్చరిక కావచ్చు. పంపు వైరుకు తొడుగు చిట్లిందేమో చూసి పంపే మార్చండి, బాడీకి ఎర్తు తగిలించి త్రీ పిన్ టాపు పెట్టండి. నీళ్ళు పోసేముందు స్విచ్చి తీస్తే చాలదు, ప్లగ్గే పీకాలి. పిల్లలు ఆడుకుంటూ కూలరు జాలీకి ఒళ్ళు ఆనించే ఇళ్ళల్లో ఈ నియమానికి మినహాయింపు లేదు. చలికాలంలో నీళ్ళ రాడ్డుకూ ఇదే వర్తిస్తుంది. నీళ్ళు కాగాయో లేదో చూడటానికి ప్లగ్గు పీకాకే వేలు ముంచాలి.

ఇప్పుడు దండెం. ఇన్ని కబుర్లూ దీనికోసమే చెప్పాను.

2022 జూలైలో మన జిల్లా కేంద్రం కామారెడ్డిలో, బీడీ కార్మికుల కాలనీలో, ఒకే ఇంట్లో నలుగురు పోయారు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్న పిల్లలు. వానల రోజులు. బట్టలు ఆరేసే ఇనుప తీగెలోకి కరెంటు వచ్చింది. ఒకరికి తగిలితే విడిపించబోయి ఇంకొకరు పోయారు. దేశం మొత్తం మీద కరెంటు షాకుతో ఏటా 12,000 మందికి పైనే చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెప్తున్నాయి. ఆ అంకె కంటే ఈ ఒక్క ఇల్లు నన్ను ఎక్కువగా కుదిపింది. ఎందుకంటే అలాంటి దండెం ప్రతి వీధిలోనూ ఉంది.

దండెంలోకి కరెంటు ఎలా వస్తుంది? స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఊగకుండా ఒక జీఐ తీగెకు చుట్టి కడతారు. ఆ జీఐ తీగె ఇంటి దగ్గర ఏ ఇనుప పైపుకో, రేకుల కప్పు దూలానికో ముడిపడుతుంది. గాలికి రాపిడి తగిలీ తగిలీ, ఎండకు పెళుసెక్కీ, సర్వీసు వైరు తొడుగు ఒకచోట చిట్లుతుంది. అక్కడి నుంచి జీఐ తీగెకు, తీగె నుంచి పైపుకు, పైపుకు కట్టిన దండేనికి కరెంటు పాకుతుంది. ఎండకాలమంతా పొడిగా ఉండి ఏమీ తెలియదు. మొదటి వానకు అన్నీ తడుస్తాయి. చేతిలో తడి బట్ట, కాళ్ళ కింద తడి నేల. ఇంట్లో మెయిన్ దించినా ఈ కరెంటు ఆగదు, ఎందుకంటే ఇది మీటరుకు అవతలే కారుతోంది. మీ ఆర్‌సీసీబీకి కూడా దీని సంగతి తెలియదు.

ఎవరికైనా తగిలితే ముందు ముట్టుకోవద్దు, ఎంత కన్నబిడ్డ అయినా సరే. మెయిన్ దించండి. అది చాలకపోవచ్చు కాబట్టి ఎండిన కర్రతో, ఎండిన ప్లాస్టిక్ కుర్చీతో తీగె నుంచి మనిషిని విడదీయండి. తడి కర్ర పనికిరాదు. విడిపడ్డాక ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. నొక్కడం ఆపకండి. స్తంభం తీగె తెగి పడిన చోటికైతే దగ్గరికే పోకూడదు, 1912కు చెప్పి దూరంగా జనాన్ని ఆపాలి.

కరెంటు పనుల్లో మీరు స్వయంగా చేసుకోగలిగినవాటిలో అన్నిటికంటే పెద్ద పని ఏదని నన్నడిగితే ఫ్యాను కండెన్సర్ అని చెప్పను. నేను చెప్పే పనికి స్టూలు కూడా అక్కర్లేదు. వానకాలం రాకముందే ఇనుప దండేన్ని తీసేసి నైలాన్ తాడు కట్టండి. అయితే ఆ ఇనుప తీగెలోనే కరెంటు ఉండవచ్చు. అందుకని ముందు టెస్టర్ ఆనించండి, దీపం వెలిగినా, అనుమానం వచ్చినా దూరంగా జరిగి 1912కు చెప్పి స్తంభం దగ్గర బంద్ చేయించండి. ఆ తాడును కూడా సర్వీసు వైరు ఉన్న పైపుకు కాకుండా వేరే గుంజకు కట్టండి. మీ సర్వీసు వైరు తొడుగు ఎక్కడైనా చిట్లినట్టు కనపడితే ఆ మాట కూడా చెప్పండి. మీ ఇంట్లో అయిపోయాక పక్కింటి దండెం వైపు ఒకసారి చూడండి. అదీ ఇనుపదైతే వాళ్ళకూ ఒక తాడు కొనిచ్చి రండి.